సలోమి టీచర్ రాసిన నజ్మా

పక్క గదిలో మా అమ్మాయి ఫోన్లో ఏదో కొత్త సిరీస్ పెట్టుకుంది. ఇంటర్ చదివే పిల్లల కథట, దాని స్నేహితులంతా మొదటి ఎపిసోడ్ కోసం ఎదురుచూశారట. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే ఆ నవ్వు వినిపించింది. మనుషులు నవ్విన నవ్వు కాదు, మాట పూర్తవగానే వెనకనుంచి తెచ్చి పోసే రికార్డు నవ్వు. నా చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి పిల్ల బయటికొచ్చి, "ఏం బాలేదమ్మా" అని ఫోను సోఫాలో పడేసింది. దానికి అంతటితో అయిపోయింది. నాకు మాత్రం ఉయ్యూరులో, చెరకు ఆడే రోజుల్లో, ఫ్యాక్టరీ నుంచి ఊరంతా కమ్ముకునే మొలాసిస్ వాసనలో ఒక చిన్న గదిలో చాప మీద కూర్చుని విన్న నవ్వు గుర్తొచ్చింది. దాంతోపాటు సలోమి టీచర్ గారూ గుర్తొచ్చారు.

మా బాలికల హైస్కూల్లో ఆవిడ తెలుగు చెప్పేవారు. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ నేత చీరలో ఉండేవారు. పెళ్లి చేసుకోలేదు. చర్చి వెనక వీధిలో రెండు గదుల వాటాలో ఒక్కరే ఉండేవారు. ఎవరైనా పద్యం తప్పు చదివితే కోప్పడేవారు కాదు, "షమీమ్, నువ్వొకసారి చదివి వినిపించమ్మా" అనేవారు. షమీమ్, నేను ఒకే బెంచీ. వాళ్ల నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్, ఆదివారాలు మాత్రమే ఇంటికొచ్చేవాడు. వాళ్లమ్మ రజియా గారు ఇంట్లో బ్లౌజులు కుట్టేవారు. షమీమ్ చదివితే పద్యం ఎక్కడ విరగాలో అక్కడే విరిగేది. గంట కొట్టగానే అదే గొంతుతో హెడ్ మిస్ట్రెస్ గారిలా మాట్లాడి మమ్మల్ని కడుపుబ్బ నవ్వించేది. టెన్త్‌లో ఉండగా వానాకాలంలో దానికి జ్వరం వచ్చింది. విజయవాడ ఆస్పత్రికి తీసుకెళ్లారు. మళ్లీ ఇంటికి రాలేదు.

ఆ తర్వాత చాలాకాలం టీచర్ గారు ఎవరిచేతా ఆ పద్యాలు చదివించలేదు. మేము ఇంటర్లో చేరాక తెలిసింది, ఆవిడ రాస్తున్నారని. విజయవాడలో ఒక లోకల్ ఛానల్ వాళ్లు పదో తరగతి ఆడపిల్లల మీద సీరియల్ తీస్తామంటే ఆవిడ కథ రాశారు. అందులో నజ్మా అనే అమ్మాయి ఉంది. వాళ్లకి ఇచ్చే ముందు నన్ను తోడు తీసుకుని రజియా గారింటికి వెళ్లారు.

రజియా గారు మిషను ఆపి అంతా విన్నారు. "మా పిల్ల పేరు పెడతారా అండీ?" అని మాత్రం అడిగారు.

"పేరు మారుస్తానండి. మనిషిని మార్చను" అన్నారు టీచర్ గారు.

రజియా గారు కళ్లు తుడుచుకుని, టీవీలో ఎప్పుడొస్తుందో చెప్పమన్నారు. ఆవిడ ముఖంలో ఆ మాత్రం వెలుగు చూసి అప్పటికి ఏడాది దాటింది.

మొదటి ఎపిసోడ్ వచ్చిన సాయంత్రం టీచర్ గారి ముందుగదిలో ఏడెనిమిది మందిమి కూర్చున్నాం. రజియా గారికి కుర్చీ వేశారు. ఆవిడ పండక్కి కట్టుకునే చీర కట్టుకుని వచ్చారు. టైటిల్స్‌లో టీచర్ గారి పేరు పడగానే మేము చప్పట్లు కొట్టాం. అక్కడినుంచి ఒక్కో నిమిషానికీ గదిలో మాట తగ్గుతూ వచ్చింది. బడి బడిలా లేదు, పిల్లలు పిల్లల్లా లేరు. అదైనా సరిపెట్టుకునేవాళ్లమేమో. నజ్మా వచ్చింది. క్లాసులో లేచి పద్యం మొదలుపెట్టింది. ఒక్క మాటా సరిగ్గా పలికించలేదు దానిచేత. వంకర తెలుగు, తప్పు తెలుగు, ప్రతి తప్పుకీ వెనకనుంచి ఆ నవ్వు. పంతులు నుదురు కొట్టుకున్నాడు. మళ్లీ నవ్వు.

టీచర్ గారు లేచి టీవీ కట్టేశారు.

"మా పిల్ల ఇట్లా మాట్లాడేది కాదండీ" అన్నారు రజియా గారు మెల్లగా, అదేదో మాకెవరికీ తెలియని సంగతి అయినట్టు. "నాకు రాకపోతే అదే దిద్దేది." కొంగు సర్దుకుని, పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చానని చెప్పి వెళ్లిపోయారు. టీచర్ గారు వాకిలి దాకా వెళ్లారు.

మర్నాడు ఆవిడ సెలవు పెట్టి విజయవాడ బస్సెక్కారు. నేనూ వెళ్లాను. ఛానల్ ఆఫీసులో ఆ డైరెక్టరు కుర్రవాడు మర్యాదగానే కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "మొదటి ఎపిసోడ్ కదా మేడమ్, కాస్త కామెడీ లేకపోతే జనం ఆగరండీ. ముందుముందు మీరు రాసినట్టే వస్తుంది" అన్నాడు.

"ఆ పిల్ల అందరినీ నవ్వించేది బాబూ. ఆ పిల్లని చూసి ఎవరూ నవ్వలేదు" అన్నారు టీచర్ గారు.

అతనికి ఆ తేడా పట్టలేదు. మిగతా కథ వెనక్కి ఇమ్మంటే, తీయడం అయిపోయిందన్నాడు. చివరికి ఆవిడ పేరు తీసేయడానికి మాత్రం ఒప్పుకున్నాడు. టీ చల్లారి మీగడ కట్టింది, ఆవిడ తాగలేదు. తిరుగు బస్సులో కంకిపాడు దాటాక కిటికీ వైపు చూస్తూనే, "ఆవిడకి మాట ఇచ్చానమ్మా" అన్నారు. సీరియల్ ఇంకొన్ని వారాలు నడిచి ఎవరూ చూడక ఆగిపోయింది.

ఆ శనివారం టీచర్ గారు రజియా గారింటికి వెళ్లారు. నేను గుమ్మం దగ్గర కూర్చున్నాను. చాలాసేపు మిషను చప్పుడే. చివరికి, "నేను రాసింది చెప్తాను, వింటారా?" అని అడిగారు టీచర్ గారు. రజియా గారు తలెత్తలేదు, వద్దనీ అనలేదు. కాగితాలేమీ లేకుండా టీచర్ గారు మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు. నజ్మా పద్యం చదివిన చోట ఆ పద్యమూ చదివారు. నజ్మా బెంచీలో బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చుందన్న చోట మిషను ఆగింది.

"అదలా కూర్చునేది కాదండీ" అన్నారు రజియా గారు. "ఒక కాలు మడిచి కూర్చునేది. ఎంత చెప్పినా వినేది కాదు."

"అవునా? నాకు తెలియదండీ. చెప్పండి."

చాలా శనివారాలు అలా నడిచాయి. రానురాను టీచర్ గారు చెప్పడం తగ్గి వినడం ఎక్కువైంది. ఒకరోజు దారిలో, మళ్లీ ఏమైనా రాస్తారా అని అడిగాను. "లేదమ్మా" అన్నారు. కారణం చెప్పలేదు. నాకు తెలిసి ఆవిడ మరేదీ రాయలేదు. అంత బాగా రాయగల మనిషి అలా ఆగిపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. రిటైరైన కొన్నాళ్లకే పోయారు. సమాధుల తోటలో మనుషులు వెళ్లిపోయాక కూడా రజియా గారు ఒక్కరే ఆ మట్టి దగ్గర నిలబడి ఉన్నారు. నేను వెళ్లి పక్కన నిలబడితే, "ఇంక మా పిల్ల సంగతి ఎవరితో చెప్పుకోనమ్మా" అన్నారు.

నేనిప్పుడు విజయవాడలో ఒక పత్రికలో పని చేస్తున్నాను. ప్రమాదాల వార్తలు నా బల్ల మీదికే వస్తాయి. మొన్న కాలువలో ఈతకు దిగి పోయిన ఒక కుర్రవాడి తండ్రికి ఫోన్ చేశాను. వయసు, ఊరు, చదువు, వార్తకు కావలసినవన్నీ రెండు నిమిషాల్లో అయిపోయాయి. "మీ అబ్బాయి ఎలా ఉండేవాడండీ?" అని అడిగాను. ఆయన వాడికి కుక్కలంటే భయమని, అయినా వీధిలో కుంటికుక్క ఒకదానికి దూరంనుంచి బిస్కెట్లు విసిరేవాడని మొదలుపెట్టారు. అవేవీ వార్తలో పట్టవు. పేజీ పంపాలని పక్కసీటాయన వాచీ చూపించాడు. నేను తల ఊపి, ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.