మామ సినిమాలో లేని పన్నెండు నిమిషాలు

గురువారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, అచ్చంపేటలో తన స్టూడియో షట్టరు ఎత్తుతూ మా పక్కింటి వీడియో మామ కూలిపోయారు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. ఆయన తీసిన ఒకే ఒక్క సినిమా పూర్తయి రెండేళ్లవుతోంది. దాన్ని ఊళ్లో ఎవరికీ చూపించలేదు. చూసింది ఇద్దరమే, అత్త, నేను. అందులో పన్నెండు నిమిషాలు లేకుండా పోవడానికి కారణం నేను.

ఆయన నాకు బంధువు కాదు. తెలంగాణ వచ్చిన ఏడాది హైదరాబాద్‌లో దుకాణం మూసేసి, సొంత ఊరని ఇక్కడికి తిరిగొచ్చి స్టూడియో పెట్టుకున్నారు. ఊరంతా మామ అనేది, నేనూ అన్నాను. అంతకుముందు దాదాపు పాతికేళ్లు ఆయన పట్నంలో పెళ్లిళ్లు తీశారు. ఆ కాలంలో ఒక టేపు గంటసేపు వచ్చేది. పెళ్లి ముగిశాక టేపు చివర ఐదో పదో నిమిషాలు మిగిలేవి. మిగతావాళ్లు దాన్ని వదిలేసేవారు. మామ ఇంటికి పోతూ ఆ మిగులులో పట్నాన్ని తీసేవారు. ఆటో వెనక సీటులోంచి, బస్సు ఫుట్‌బోర్డు మీదినుంచి, పొద్దున్నే కూలీల అడ్డా దగ్గర నిలబడి.

ఒకసారి ఆ మిగులును కత్తిరించడం మరిచిపోయి క్యాసెట్ ఇచ్చేశారు. పెళ్లికొడుకు తండ్రి దుకాణానికి వచ్చాడు.

"నా కోడలు ఏడ్సుకుంట కారెక్కింది. దాని ఎనక మూసీ మీద గా బర్రెలేందయ్యా?"

"అవి గుడ గా తొవ్వనే పోతున్నయి బావా" అన్నారట మామ.

ఇలా పోగైన పట్నంతో గంటా ఇరవై నిమిషాల సినిమా చేశారు. తను బస్సు దిగిన రోజు నుంచి దుకాణం మూసిన రోజు దాకా, గొంతు తనదే, మన యాసలోనే. ఒకే చౌరస్తా అందులో పదకొండు సార్లు కనిపిస్తుంది. మొదట పండ్ల బండి ఉంటుంది. తర్వాత ఫ్లైఓవర్, దాని తర్వాత మెట్రో స్తంభం. బండి ప్రతిసారీ నాలుగడుగులు వెనక్కి జరుగుతుంది. చివరి షాట్‌లో బండి లేదు. మామ దాని గురించి ఏమీ చెప్పరు.

చాయ్ హోటల్లో ఆయన్ని ఆటపట్టించేవారు.

"మామా, నీ సినిమాల హీరో ఎవలు?"

"ట్రాఫిక్."

"మరి హీరోయిన్?"

"అది గుడ ట్రాఫిక్లనే ఇరుక్కున్నది. అస్తది, ఆగు."

సినిమాను ఊళ్లో ఫంక్షన్ హాల్‌లో, పెద్ద తెర మీద ఒక్కసారి చూపించాలన్నది ఆయన కోరిక. దానికి ముందు నన్ను స్టూడియోకు పిలిచి చూపించారు. "నువ్వు పేపరోనివి. తప్పుంటే చెప్పు" అన్నారు.

ముప్పై నాలుగో నిమిషం దగ్గర ఒక అద్దాల భవనం వచ్చింది, పాత టేపులోది కాదు, కొత్తగా తీసింది. మామ దాని ఎదురుగా నిలబడి కెమెరాతో మాట్లాడతారు. సినిమా మొత్తంలో ఆయన ముఖం కనిపించేది అక్కడే. "గీ బిల్డింగు అయిదో స్లాబు మీదికెంచి పడ్డోన్ని నేనే" అంటారు. సిమెంటు తడి గురించి, పరంజా కట్టెల గురించి, కింద ఎవరూ తలెత్తి చూడకపోవడం గురించి చెబుతారు. సెక్యూరిటీ వాళ్లు వచ్చి నెడుతుంటే కూడా చెబుతూనే ఉంటారు. పన్నెండు నిమిషాలు.

"పడితే బతికున్నవెట్ల మామా?" అని అడిగాను.

"బతికున్ననంటవా?" అని నవ్వారు.

మరుసటి వారం పనిమీద పట్నం వెళ్లినప్పుడు ఆ భవనం దగ్గరికి పోయాను. ప్రారంభోత్సవం శిలాఫలకం ఇంకా ఉంది. యజమాని పేరు, ఇంజనీరు పేరు, కాంట్రాక్టరు పేరు ఉన్నాయి. దాని మీది తేదీ, మామ పట్నంలో దిగానని సినిమాలో చెప్పిన రోజుకంటే ఏడాది ముందుది. ఫలకాన్ని ఫోటో తీసుకొచ్చి ఆయన ముందు పెట్టాను. ఒక్క ముక్క అబద్ధమైతే మిగతాదాన్నెవరు నమ్ముతారని అడిగాను.

ఆయన ఫోటోను చాలాసేపు చూశారు. పేర్లన్నీ పైకి చదివారు.

"మరి తీసేద్దునా?"

"తీసెయ్ మామా."

నా ఎదుటే కంప్యూటర్‌లోంచి తీసేశారు. "సినిమా ఏమన్న ఖరాబైందా?" అని అడిగారు. లేదు, ఇంకా గట్టిపడిందని చెప్పాను.

ఆ తర్వాత రెండుసార్లు హాలు మాట్లాడుకున్నారు, రెండుసార్లూ వద్దనుకున్నారు. ఎందుకని అడిగితే, "పట్నం ఉన్నది. నేను లేను" అన్నారు. ముసలితనపు చాదస్తం అనుకున్నాను.

ఆదివారం, ఆయన పోయిన నాలుగో రోజు, అత్త నన్ను స్టూడియోకు రమ్మంది. మామ ప్రతి మెమరీ కార్డునూ చిన్న డబ్బాలో పెట్టి, లోపల ఏముందో పైన చీటీ అంటించేవారు. పని అయిపోతే ఆ కార్డునే మరో ఫంక్షన్‌కు వాడేవారు. చిన్న స్టూడియోలన్నీ అంతే. అత్త ఒక డబ్బా నా చేతిలో పెట్టింది. చీటీ మీద "అన్న, 12 నిమిషాలు" అని రాసి కొట్టేసి ఉంది. దాని కింద "ఓణీల ఫంక్షన్, బల్మూరు" అని ఉంది. కార్డు పెట్టి చూశాం. ఓణీల ఫంక్షనే ఉంది.

"పడ్డది మా బావ" అంది అత్త. "ఈయనకు సొంత అన్న. పనిడిసిపెట్టి ఎటో పోయిండని మేస్త్రీ ఊరికి కబురు పంపిండు. రెండేండ్లు సూసి, ఎతుక్కుంట ఈయన పట్నం పోయిండు. ఏండ్లయినంక, పక్కన పనిజేసినోడు ఒకడు గా జాగ సూపిచ్చిండు. పీనిగ గుడ దొరకలే."

అన్న అనే చెప్పొచ్చు కదా అన్నాను.

"అన్న అంటే పేరడుగుతరు, కాయితం అడుగుతరు. కూలికి పోయినోనికి కాయితమేడిది? నేనే పడ్డనంటే ఎవలడుగుతరు అన్నడు." నా చేతిలోంచి డబ్బా తీసుకుని, "నువ్వడిగినవ్" అంది.

నాకు చెప్పి ఉండాల్సింది అన్నాను.

"చెప్తనంటె నేనే అద్దన్న. ఇంకో ఫోటో తెస్తవని."

ముప్పై ఏళ్లుగా నేను వార్త రాసే ముందు రెండుచోట్ల నిర్ధారించుకుంటాను. ఫలకం ఫోటో పెట్టిన రోజు అత్తను ఒక్క మాట అడగలేదు. ఆమె పక్క గదిలోనే ఉంది.

వచ్చే ఆదివారం మామకు పదకొండో రోజు దినాలు. సాయంత్రం ఆరున్నరకు ఫంక్షన్ హాల్‌లో సినిమా వేస్తారు. తీసేసిన ముక్క దగ్గర ఏం పెట్టాలని, ఇందుకోసం పిలిపించిన ఎడిటర్ అడిగితే, ఏమీ పెట్టొద్దంది అత్త. ముప్పై నాలుగో నిమిషంలో తెర నల్లబడుతుంది. పన్నెండు నిమిషాలు బొమ్మ ఉండదు, గొంతు ఉండదు. ఎవరూ లేవకూడదని, లైట్లు వేయకూడదని ముందుగా మైకులో చెప్పే పని నాకు అప్పజెప్పింది. ఆ తర్వాత మళ్లీ ట్రాఫిక్ మొదలవుతుంది.