గోదావరి ఇసుక పోసిన ఆకుతోట

మట్టిలో ప్రాణులుంటాయట! కంటికి కనపడనంత చిన్నవి, చిటికెడు మట్టిలో లెక్కపెట్టలేనన్ని. మొన్న మా ఊరి బడి వసారాలో వ్యవసాయశాఖ ఆయన ఏదో గాజు కింద పెట్టి రైతులందరికీ చూపించాడు. నన్నూ చూడమన్నాడు. నా కళ్లకు పొరలు కమ్మి చాలాకాలమైంది, నాకేం కనపడుతుంది! ఆయన మాటే నమ్మాను.

"అన్నీ చెడ్డవి కావండి మామ్మగారూ. కొన్ని వేరుని అంటిపెట్టుకుని బతుకుతాయి. తెగులు తెచ్చేవాటికి అక్కడ తిండి దొరకనివ్వవు, చోటివ్వవు. కొన్ని వాటికి గిట్టని రసం ఊరిస్తాయి. కొన్నయితే మొక్కనే ముందుగా మేలుకొలుపుతాయండి, తెగులు వచ్చేసరికి అది కాచుకుని ఉంటుంది. చివికిన ఆకూ పేడా తిన్న పాత మట్టిలో ఇవి బాగా పెరుగుతాయి. కడిగిన ఇసుకలో ఏముంటాయండి, ఏమీ ఉండవు."

"ఎన్నాళ్ల నుంచి ఉన్నాయి బాబూ ఇవి?" అని అడిగాను.

"భూమి పుట్టినప్పటి నుంచీ ఉన్నాయండి."

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి నేను కాపరానికి వచ్చినప్పుడు చెప్పడానికి మీకు నోరేమైంది?" అని గట్టిగా అరిచాను. అందరూ నవ్వారు. పాపం, అతను అప్పటికి పుట్టనైనా లేదు. ముసలిదానికి మతి చలించిందనుకుని మంచినీళ్లు ఇప్పించాడు.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చేనాటికి నాకు పదహారో ఏడు. మాది ధవళేశ్వరం. ఆనకట్ట పక్కన పుట్టిన పిల్లనని నాకు లోపల కొంచెం గీర ఉండేది. ఇక్కడ ఇంట్లో ముగ్గురమే: మా అత్తగారు, మా ఆయన, నేను. మామగారు అంతకు ముందే పోయారు. కాలవ గట్టు పక్కన అరెకరం ఆకుతోట ఉండేది. తమలపాకుల తోటని మేము ఆకుతోట అనే అంటాము.

ఆ తోట మా అత్తగారిది. ఊరికే మాట వరసకి అనడం లేదు. ఆవిడ కాపరానికి వచ్చినప్పుడు వాళ్ల అమ్మ తడిగుడ్డలో చుట్టి ఇచ్చిన నాలుగు తీగముక్కలతో మొదలైన తోట అది. చిన్న ఆకు, పల్చటి ఈనె, నోట్లో వేసుకుంటే నారే తెలియదు. ఈ చుట్టుపక్కల ఆ రకం ఇంకెవరికీ లేదు. ఆవిడ పుట్టింట్లో కూడా ఆ తోట ఏనాడో వరద మింగేసింది. ఇక్కడ పోతే ఇంకెక్కడా లేదన్నమాట. మగడు పోయిన ఏడాది కూడా ఆవిడ పన్నెండో రోజు దాటగానే తోటలోకి దిగారని ఊళ్లో చెప్పుకునేవారు.

ఏటా తీగను అవిసె చెట్ల మీద నుంచి దించి, మొదట్లో చుట్టలా చుట్టి, దాని మీద మట్టి కప్పుతారు. ఆ మట్టిని మా అత్తగారు ఏడాది పొడుగునా తయారుచేసేవారు. రాలిన అవిసె ఆకు, పేడ, ఆముదపు పిండి, కాలవ పూడిక మట్టి, అన్నీ ఒక మూల పోగేసి మాగబెట్టేవారు. నల్లగా, జిగురుగా, చేత్తో పట్టుకుంటే వెచ్చగా ఉండేది. నాకు ఆ వాసన గిట్టేది కాదు. ముక్కుకి పమిట అడ్డం పెట్టుకుంటే, "ఏమే, పెద్ద జమీందారు కూతురివా?" అనేవారు ఆవిడ.

అంత మట్టి పిసికే మనిషికి తోట మడి మీద మాత్రం చెప్పలేనంత పట్టింపు. చెప్పులతో ఎవరూ రాకూడదు. స్నానం చెయ్యకుండా రాకూడదు. బయట చేరిన ఆడది కంచె దరిదాపుల్లో కనపడకూడదు. ఊరి చివర పేటలో కిరస్తానీ కూలీలు ఉండేవారు. వాళ్లయితే తోట వాకిలి దాటి లోపలికి అడుగు పెట్టకూడదు. పెడితే తీగ చచ్చిపోతుందని నమ్మకం. ఆకుతోట ఉన్న ప్రతి ఇంట్లోనూ అదే మాట. నేనూ నమ్మాను. నమ్మలేదని ఇప్పుడు గొప్పలు పోతే నా నోరు పడిపోతుంది.

నేను వచ్చిన మూడో ఏడు వానాకాలంలో తెగులు వచ్చింది. కాలవ దిగువన ఒక తోటలో మొదలై వరసగా నాలుగు తోటలు తుడిచిపెట్టేసింది. కాళ్ల కింద తడి ఉండగానే ఆకులు నీళ్లు లేనట్టు వాలిపోయేవి. తీగ పట్టుకుని కాస్త లాగితే మొదట్లో ఊడి చేతికి వచ్చేది. అక్కడ నల్లగా కుళ్లి కంపు కొట్టేది. మా తోటకి మాత్రం ఏమీ కాలేదు. ఒక్క ఆకు కూడా వాలలేదు. అయినా మా అత్తగారికి కాళ్లూ చేతులూ ఆడలేదు. రోజూ పొద్దున్నే ప్రతి తీగ మొదటా కూర్చుని వేలితో తడిమి చూసేవారు.

తోట పోగొట్టుకున్న ఒకాయన మా కంచె అవతల నిలబడి అన్నాడు. "మీ మట్టి మురిగిపోయిందండి. వాసన చూస్తున్నారా? దాంట్లో మైల చేరింది. ఇవాళ కాకపోతే రేపు మీకూ తగులుకుంటుందండి."

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండొచ్చు కదా! దీని దుంప తెగ, నా నోటికి హద్దూ అదుపూ ఎప్పుడున్నాయి గనక! "అత్తయ్యా, ఈ మట్టి తీసేసి గోదావరి ఇసుక పోయిద్దామండి. గోదావరికి మైలేంటండి?" అన్నాను. మా ధవళేశ్వరం ఇసుక ఎంత తెల్లగా ఉంటుందో, పెళ్లిపీటల కింద కూడా అదే పోస్తారని, ఒకటేమిటి, ఊదరగొట్టేశాను.

మా అత్తగారు గుప్పెడు మట్టి తీసుకుని వాసన చూశారు. "దీనికేం, బాగానే ఉందిగా," అన్నారు. ఆ ఒక్క మాట మీద ఆవిడ నిలబడి ఉంటే! రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు మా ఆయన్ని పిలిచి పడవ మాట్లాడమన్నారు. ఆవిడకి మట్టి తెలుసు. కానీ భయం వేస్తే తెలిసింది కూడా చేతికి అందదు. అది నాకు చాలా తరవాత అర్థమైంది.

మూడు పడవల ఇసుక వచ్చింది. మేము ముగ్గురం స్నానాలు చేసి, తడిబట్టలతో తోటలోకి దిగి, ప్రతి తీగ మొదటా జానెడు లోతు పాత మట్టి తవ్వేశాము. ఇసుకని కాలవ నీళ్లతో కడిగి, పసుపునీళ్లు చల్లి, ఆ గుంటల్లో పోశాము. మూల ఉన్న మాగిన ఎరువు పోగు కూడా మిగల్చలేదు. తీసిన మట్టిని బుట్టలతో వాకిలి దాకా తెచ్చి పోస్తే, అక్కడి నుంచి పేట మనుషులు ఎత్తి కాలవలో పారబోసేవారు. వాళ్లలో ఒకావిడ ఉండేది. వయసులో నాకు తల్లిలాంటిది. అయినా నేను ఆవిడని "ఏమే" అనేదాన్ని, ఆవిడ నన్ను "అండి" అనేది. ఆ రోజుల్లో మర్యాద అలా ఏడిచింది.

"కోడలమ్మగారండి, ఈ మట్టి నాలుగు బుట్టలు నేను పట్టుకుపోనాండి? వంగమొక్కలకి వేసుకుంటానండి," అని అడిగింది.

"పారేసేదేగా, పట్టుకుపో," అన్నాను.

మొదటి ఇరవై రోజులు తోట చూడముచ్చటగా ఉంది. కింద తెల్లటి ఇసుక, పైన పచ్చటి ఆకు. చూసినవాళ్లు కోడలు తెలివైనదన్నారు. నేను మురిసిపోయాను, నా మొహం! ఇరవై ఒకటో రోజున ఉత్తరం వరసలో ఒక తీగ వాలింది. మా అత్తగారు దాని మొదట్లో వేలు పెట్టి, వేలు ముక్కు దగ్గర పెట్టుకుని, అలాగే చతికిలబడిపోయారు.

ఆ తరవాత మేము చెయ్యనిదేముంది! బూడిద చల్లాము. వేపాకు కాచి పోశాము. తోట నిలబడితే అన్నవరం కొండెక్కి వ్రతం చేయిస్తామని మొక్కుకున్నాము. మా ఆయన వాలిన తీగలన్నీ పీకి దూరంగా తగలబెట్టేవాడు. మర్నాటికి పక్కవి వాలేవి. ఇసుకలో నీళ్లు నిలవవు గనక దాహమేమోనని నేను బిందెలు బిందెలు మోసి పోశాను. అది ఇంకా చేటైంది కాబోలు. ఎదురుగా నిలబడి చూడ్డం తప్ప మా చేతుల్లో ఏమీ లేదు. సంక్రాంతి దాటాక తోటలో అవిసె చెట్లు మాత్రం మిగిలాయి. వాటి మీద ఎండిన తీగలు గాలికి గలగలమంటుంటే మా అత్తగారు చెవులు మూసుకునేవారు.

నన్ను ఒక్క మాట అనలేదావిడ. తిట్టి ఉంటే బాగుండును. నా జుట్టు పట్టుకుని కాలవలోకి ఈడ్చినా సంతోషించేదాన్ని. అన్నం పెడితే తినేవారు, పెట్టకపోతే అడిగేవారు కాదు.

మాఘమాసంలో ఆ పేటావిడ మా దొడ్డి గుమ్మం దగ్గరికి వచ్చింది. "కోడలమ్మగారండి, మీ తీగ మా ములగచెట్టు ఎక్కిందండి. ఆ మట్టిలో ఏదో తీగ ముక్క వచ్చినట్టుందండి," అంది.

నేను ఎవరితోనూ చెప్పకుండా ఆవిడ వెనకాలే వెళ్లాను. పేటలోకి అడుగుపెట్టడం నాకు అదే మొదలు. ప్రార్థన చేసుకునే తాటాకు పాక దాటాక ఆవిడ గుడిసె. పెరట్లో ములగచెట్టు మొదట్లో మా నల్లమట్టి, దాని మీద గిన్నెలు కడిగిన నీళ్లు. తీగ నా మెడ ఎత్తు దాకా పాకింది. చిన్న ఆకు, పల్చటి ఈనె. ఊరు ఊరంతా కుళ్లిపోతుంటే ఇది నవనవలాడుతోంది. నేను చెట్టు పట్టుకుని ఏడ్చేశాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయింది.

"తీసుకెళ్లండి. దీంతోనే తోటంతా మళ్లీ లేస్తదండి," అని, కణుపులున్న ముక్క ఒకటి వేర్లతో సహా తవ్వి, బుట్టలో సగానికి మట్టి పోసి, అందులో నాటి ఇచ్చింది. "ఈ మట్టిలోనే పెట్టండి. దీనికి ఇదే అలవాటండి." చదువుకున్నాయన గాజు పెట్టి మొన్న చెప్పింది ఆవిడ ఆనాడే చెప్పింది.

బుట్ట నెత్తిన పెట్టుకుని తోట దగ్గరికి పరుగులాంటి నడక నడిచాను. మా అత్తగారు వాకిట్లో కూర్చుని ఉన్నారు. ఆకుని చూడగానే లేచి నిలబడ్డారు. ఆకుని పట్టుకోవడానికి చెయ్యి చాచారు కూడా.

"ఎక్కడిదే ఇది?"

కంచె మూల దొరికిందని అబద్ధం ఆడొచ్చు. అన్ని అబద్ధాలు ఆడినదాన్ని, ఆ ఒక్కటీ నోటికి రాలేదు. "పేటలోదండి. మన మట్టే. మన తీగే," అన్నాను.

ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తరవాత ఆ చేతిని పమిటలో దాచేసుకున్నారు.

"నాకు తీసుకోవాలనే ఉందే," అన్నారు. ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే. "మా అమ్మ ఇచ్చిన తీగే అది, నాకు తెలీదా? నా చెయ్యి రావట్లేదే అమ్మా. ఏం చెయ్యను, రావట్లేదు."

నేను ఆవిడని పక్కకి నెట్టి లోపలికి వెళ్లి నాటొచ్చు. నాకు అప్పటికి పంతొమ్మిదేళ్లు, ఒంట్లో బలముంది, నోట్లో ఆ నోరుంది. వాకిలి అవతల నిలబడే ఉండిపోయాను. ఎండ ఎక్కి ఆకు వాడిపోవడం మొదలుపెట్టింది. ఇద్దరం దాన్ని చూస్తూనే ఉన్నాము. చివరికి ఆవిడే, "ఎండకి చచ్చిపోతోందే, తీసుకెళ్లి ఇచ్చెయ్యి," అన్నారు.

బుట్ట తిరిగి వచ్చేసరికి పేటావిడే నా నెత్తి మీంచి దించుకుంది. ములగచెట్టు మొదట్లో గుంట తీసి, ముక్కని మళ్లీ పెట్టి, చేత్తో మట్టి నొక్కింది. "ఇక్కడే ఉంటదిలెండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు రండి," అంది.

మా అత్తగారు ఇంకో పదకొండేళ్లు బతికారు. తోటలో వంగ వేశాము, దొండ వేశాము. పండగలకీ పెళ్లిళ్లకీ ఆకు సంతలో కొనుక్కున్నాము. ఆవిడ పోయాక ఇంటికి పెద్దదాన్ని నేనే. వాకిలి నాది, తాళం నాది, నన్ను కాదనేవాళ్లు ఎవరూ లేరు. అయినా ఆ తీగ కోసం పేటకి నేను మళ్లీ వెళ్లలేదు.