తొడిమ ఊడని కాయ

ఎనభైల్లో ఓ వేసవి. నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే బస్సులో నా ఎదురు సీట్లో ఓ తల్లి, పదేళ్ల కూతురు కూర్చున్నారు. అయిదో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేసిన నేను, మామిడి చెట్ల కింద నిలబడి పైనుంచి కోసి వదిలిన కాయల్ని నేల తగలకుండా పట్టే పనిలో ఉండేవాణ్ణి.

ఆవిడ జాంబియాలో టీచరట.

"వెళ్లిన కొత్తలో ఆర్నెల్లు అక్కడి బళ్లో దీంతో ఎవరూ మాట్లాడలేదండీ. రోజూ ఏడుస్తూ వచ్చేది. చివరికి నేనే తీసుకెళ్లి బంతాటలో నిలబెట్టాను. తాతగారి తోటలో కాయలు పట్టిన చెయ్యి కదా, ఒక్క బంతీ జారనివ్వలేదు. ఇప్పుడిది రాందే ఆట మొదలెట్టరు!"

"నా ఉద్యోగానికే ఎసరు పెట్టేట్టుందే! ఏదీ పాపా, పట్టు చూద్దాం," అంటూ సంచిలోంచి ఓ రసం కాయ తీసి విసిరాను.

ఆ పిల్ల రెండు చేతులా అందుకుని, దెబ్బ తగలకుండా గుండెల దాకా లాక్కుంది. వెంటనే నావైపు కాదు, తొడిమవైపు చూసింది. అది ఊడితే సొన కారి కాయ పాడవుతుంది. తోటలో పనిచేసినవాళ్లే ముందు అక్కడ చూస్తారు.

"ఊడలేదు బాబాయ్," అంది.

ఎందాకా చదివావని ఇప్పుడెవరైనా అడిగితే, కాయలు పట్టే నా చదువు జాంబియా బడి దాకా వెళ్లిందని చెబుతాను.