పొదలో గుడ్లు ఎవరివి

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు రెడ్డిగూడెంలో ఒక మామిడితోటకు నాగేంద్రమ్మ కాపలా ఉండేది. కూలి తక్కువ, తిట్లు ఎక్కువ. ఆమె ఆస్తల్లా గిన్నికోళ్లు మూడు: ఒక పుంజు, రెండు పెట్టలు. ఒళ్లంతా తెల్లచుక్కలు, బోడితల, గయ్యాళి గొంతు. కొత్తమనిషి గట్టెక్కితే చాలు, అరుపులతో తోటంతా దద్దరిల్లగొట్టేవి. జీతం వీటికివ్వాలి, నాకు కాదు అని నాగేంద్రమ్మ నవ్వేది. వాటిని మందచేసి, ఒకరి కింద కాపలా మానేసి బతకాలని ఆమె ఆశ.

గిన్నికోడి ఇంట్లో గుడ్డు పెట్టదు, పొద వెతుక్కుంటుంది. గుడ్లన్నీ ఎత్తేశామా, ఆ పొద మొహం మళ్లీ చూడదు. అందుకే నాగేంద్రమ్మ రెండు గుడ్లు వదిలేసి, మిగతావి చేతివాసన తగలకుండా కొయ్యగరిటెతో తీసి, అరువు తెచ్చిన నాటుకోడి కింద పొదగేసేది.

ఆ వేసవిలో తోట కౌలుదారు బసవపున్నారావు కంట్లో ఆ పొద పడింది. నాగేంద్రమ్మ ఇంకా తియ్యని పద్దెనిమిది గుడ్లూ ఊడ్చి ఇంటికి పట్టుకుపోయాడు. తోటలో నేలమీద పడిందల్లా కౌలుదారుదేనన్నాడు. రాలిన కాయకు ఆ కట్టుబాటు ఉంది, నిజమే. కోడి పెట్టిన గుడ్డుకు దాన్ని అంటగట్టినవాడు ఆయనొక్కడే. పెట్టలు పొద వదిలేశాయి. నాగేంద్రమ్మకు రెండురోజులు ముద్ద దిగలేదు.

మృగశిర జల్లుల్లో ఆయనింట్లో నాటుకోడి కింద పిల్లలు లేచాయి. తెల్లారగానే తడిగడ్డిలోకి వదిలించాడు. గిన్నికోడి పిల్లకు తొలి రోజుల్లో తడి తగిలితే బతకదు. ఆ సంగతి ఆయన ఎవర్నీ అడగలేదు. మూడోనాటికి ఏడు మిగిలాయి. వాటిని బుట్టలో పెట్టుకుని నాగేంద్రమ్మ పాక ముందుకొచ్చాడు.

"వీటిని నువ్వు బతికించు. సగం నీకిస్తాలే."

"నేలమీద పడ్డవి మీవేగా అయ్యగారూ. నాకు సగమెందుకండీ?"

మాట్లాడుతూనే ఆమె వణికే పిల్లల్ని ఒక్కొక్కటే తీసి కొంగులో చుట్టుకుంటోంది.

"పొదలో గుడ్లు నావని ఆ కోతగాళ్ల ముందు చెప్పండి. పిల్లల్ని ఎటూ నేను చూస్తాను."

చివరి కాయలు కోస్తున్నవాళ్లు కొమ్మల మీంచి చూస్తున్నారు. ఆయన గొణిగాడు. వినపడలేదంది. మళ్లీ చెప్పాడు, ఈసారి అందరికీ వినపడేట్టు.

ఏడింట్లో ఆరు బతికాయి. పై వేసవికి కౌలుదారు మారాడు. పొదలో గుడ్లు నాగేంద్రమ్మవన్న కట్టుబాటు కొత్తాయనకు కోతగాళ్లే చెప్పారు. అప్పటికి, పెట్టలు కొత్త పొదలో పెట్టిన గుడ్ల పిల్లలతో కలిపి, నాగేంద్రమ్మ పాక ముందు పదిహేడు గొంతులు అరుస్తున్నాయి.