మటన్ అని చెప్పింది నేనే

మా మేనత్త పోయిందని ఏన్కూరు వైపు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను మా అమ్మాయి బడి డబ్బా సర్దుతున్నాను. "పండుకున్న మనిషి పండుకున్నట్టే పోయింది. జల్దీ రా" అని పెట్టేశారు. డబ్బాకు మూత పెట్టాను, పిల్లను ఆటో ఎక్కించాను, ఇంట్లోకి వచ్చి గడప మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆమె దగ్గరికి పోయి "తప్పయింది అత్తమ్మా" అనాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను. వచ్చే పండక్కి, ఎండలు తగ్గాక, పిల్లకు సెలవులిచ్చాక అని జరుపుకుంటూ వచ్చాను. ఇక జరపడానికేం మిగల్లేదు.

పోయినవాళ్ల మంచి రాయడం పద్ధతి. ఆమె మంచి రాయాలంటే నా చెడ్డ కూడా రాయక తప్పదు. చదువుతూ మీరు నన్ను నాలుగు తిట్టుకున్నా నేనేమీ అనుకోను.

ఆమె మా నాన్నకు అక్క. పిల్లలు లేరు, మామ పోయాక పల్లెలో ఒక్కతే ఉండేది. నాకు సారపాకలో మిల్లు గెస్ట్‌హౌస్‌లో సూపర్‌వైజరు పని దొరికింది. నా భార్య నర్సు, భద్రాచలం దవాఖానాలో డ్యూటీలు. పిల్లను చూసుకునే మనిషి లేక నేనే పోయి అత్తమ్మను తీసుకొచ్చాను. రెండు చీరలు, ఒక ఇనప పెనం, ఇంతే ఆమె సామాను. "సారపాకల పెనాలు దొరకయా అత్తమ్మా?" అంటే, "దొరుకుతయి. అవి నా మాట వినాలె గదా" అంది.

మేము కిరాయికి ఉన్నది ఒక ఇంటి వెనక పోర్షను. ముందు భాగంలో ఇంటివాళ్లు. ఇల్లు అడగడానికి పోయినప్పుడు ఇంటామె "మీరేంటోళ్లు బాబూ?" అని అడిగింది. నేను గెస్ట్‌హౌస్ ఉద్యోగం గురించి, నా భార్య నర్సు పని గురించి గబగబా చెప్పి ఆ ప్రశ్నను దాటేశాను. ఆమె మళ్లీ అడగలేదు. మేము పెద్దకూర తినే ఇళ్లవాళ్లం. ఊళ్లో అయితే అది దాచేదీ కాదు, చాటేదీ కాదు. సారపాకకు వచ్చాక మాత్రం నేను దాచడం మొదలుపెట్టాను.

మిల్లులో కొత్త మిషను బిగించడానికి విదేశీ ఇంజనీర్లు వచ్చిన రోజులవి. అందులో ఒక పొడుగాటి పెద్దాయన రెండు నెలలు కోడికూర తిని తిని విసిగిపోయాడు. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, స్టేక్ తినాలని ఉందన్నాడు. అరచేయంత మందంగా ముక్క, పైన మాడీమాడనట్టు, లోపల ఎర్రగా ఉండాలని కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. గెస్ట్‌హౌస్ వంటగదిలో పెద్దకూర వండరు. బయట చేయించి తెస్తానని నోరు జారాను. ఇంటికి వచ్చి ఆ కాగితం అత్తమ్మ ముందు పెట్టాను.

ఆమె బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "లోపల ఎర్రగనే ఉండాల్నా? ఓరి నీ అయ్య! మనిషా పులా?" అని నవ్వింది. నవ్వు ఆగాక ఒకటే అడిగింది. "ఇది బర్రెకూర అని ఆయనకు ఎరుకేనా? వాళ్ల దేశంల ఆవుది తింటరేమో. ముందుగాల అడిగిరా. తినేటోనికి తినేదేందో ఎరుకుండాలె."

నేను అడిగాను. ఆయన రెండు చేతులూ ఎత్తి సంతోషమన్నాడు.

ఆ ఆదివారం ఆమె వండిన తీరు ఇప్పటికీ నా కళ్లముందు ఉంది. నడుము పక్క మెత్తటి కండను తనే దగ్గరుండి కోయించుకొచ్చింది. పొద్దున్నే ఉప్పు పట్టించి మూత పెట్టింది. మధ్యాహ్నం ముక్కలు తీసి పాత నూలు గుడ్డతో పసిపిల్లను తుడిచినట్టు తుడిచింది. "తడి తునక వేగదు, ఉడుకుతది" అంది. దంచిన మిరియాలు అద్దింది. పెనం పొగలు వచ్చేదాకా కాల్చి ముక్క వేసి, ఇక దాన్ని కదపలేదు. నేను అట్లకాడ పట్టుకుని తిప్పబోతే చేతి మీద ఒక్కటి వేసింది. "అది ఇడిసినప్పుడు అదే ఇడుస్తది. నువ్వు గుంజితే తోలు ఊడుతది." రెండు వైపులా కాలాక వెన్న వేసి, పొట్టుతోనే చితక్కొట్టిన వెల్లుల్లి వేసి, ఆ వెన్నను గరిటెతో ముక్క మీద పోసుకుంటూ కూర్చుంది. దించాక ఎవర్నీ ముట్టనీయలేదు. "పొయ్యి మీదికెల్లి దిగింది, జర దమ్ము తీస్కోనీ" అంది. పెనానికి అంటుకున్న దాంట్లో ఉల్లిగడ్డ వేయించి, చింతపండు పులుసు రెండు చుక్కలు వేసి గీకితే నల్లటి రసం వచ్చింది. పక్కన వేపిన ఆలుగడ్డ. ఆ ఇంజనీరు ఎముక లేని ముక్కకు కూడా వేళ్లు నాకాడు.

తర్వాత ప్రతి ఆదివారం అదే. ఆయనకు రెండు ముక్కలు, మాకు నాలుగు. మా అమ్మాయికి అసలు పండగ మరుసటి రోజు పొద్దున ఉండేది. మిగిలిన ముక్కను అత్తమ్మ కండ పోగుకు అడ్డంగా పల్చగా కోసేది. "నిలువుగ కోస్తె నములుకుంట సాయంత్రమైతది" అనేది. బేకరీ రొట్టెను అదే పెనం మీద వెన్నతో కాల్చి, పచ్చిమిర్చి తొక్కు పూసి, కూర పరిచి, నిమ్మకాయ పిండిన ఉల్లిచక్రాలు వేసి, పైన ఇంకో రొట్టె పెట్టి, నీళ్లు నింపిన చెంబును దాని మీద బరువుగా పెట్టేది. కరకరలాడుతూ అణిగి వచ్చేది. శాండ్‌విచ్ అనే మాట మా పిల్ల నేర్పితే, ఆమె నోట్లో నానేసి చివరికి "నీ జంట రొట్టె" అని పేరు పెట్టింది.

ఒకరోజు నేను పిల్లకు చెప్పడం ఆమె వింది. బడిలో ఎవరైనా అడిగితే మటన్ అని చెప్పమన్నాను. అత్తమ్మ చెంబు పక్కన పెట్టి నా వంక చూసింది. "గంత పిల్లకు బువ్వల అబద్ధం కలిపి పెడుతున్నవా అల్లుడా?" అంది. నీకేం తెలుసు బయటి సంగతి అని విసుక్కున్నాను. పిల్ల డబ్బాలో ఆ రోజు రొట్టెకు బదులు పులిహోర పెట్టి పంపింది.

ఇంటామె మంచిదే. గోంగూర కోస్తే మాకో కట్ట ఇచ్చేది. ఒక ఆదివారం మధ్యాహ్నం చేతిలో ఖాళీ ప్లేటు పట్టుకుని మా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"ఏం వండుతున్నరమ్మా? నెలరోజుల సంది ఈ వాసనకు మా ఇంట్ల పప్పన్నం గొంతు దిగుతలేదు. నాకూ ఓ ముక్క పెట్టుండ్రి, సిగ్గిడిసి అడుగుతున్న" అని నవ్వింది.

లేదనొచ్చు. గెస్ట్‌హౌస్‌కు పంపేదమ్మా అనొచ్చు. ఆ నిమిషంలో నాకు అవేవీ తట్టలేదు. లేదంటే అనుమానం వస్తుందన్న ఒక్కటే తట్టింది. "మటనే అమ్మా, దొరల తీరున చేస్తది మా అత్తమ్మ" అన్నాను. అని ఊరుకున్నానా? ఆమె చేతిలో ప్లేటు తీసుకుని పెద్ద ముక్క నేనే వేసి, రసం కూడా పోసి, నవ్వుతూ చేతికిచ్చాను. ఆమె అక్కడే తుంచి నోటి దాకా తీసుకుపోయింది.

"ఆగు తల్లీ" అంది అత్తమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "అది పెద్దకూర. నువ్వు తినేది గాదు."

ఇంటామె చేయి గాలిలోనే ఆగిపోయింది. అత్తమ్మ ముఖం చూసింది, నా ముఖం చూసింది. ప్లేటును మెల్లగా గట్టు మీద పెట్టి, చేయి కడుక్కుని వెళ్లిపోయింది. మర్నాడు ఆమె భర్త వచ్చి నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఎందుకని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

నేను అత్తమ్మ మీద పడ్డాను. "నీ నోరు ఊకుంటే ఏం పోయేది? ఒక్క ముక్క తింటే ఆమె సచ్చిపోతుండెనా? నీ వల్ల నా పిల్ల రోడ్డున పడ్డది" అని అరిచాను. "ఆమె ఒట్టి నమ్మకం మీద నోట్ల పెట్టుకుంటుంటె ఎట్ల ఊకుండాలె అల్లుడా" అంది, అంతే. నాకు ఇంకా మండింది. "పెద్ద సత్తెవంతురాలివి! పో, మీ ఊరికే పోయి చెప్పుకో నీ సత్తెం" అన్నాను. నా భార్య అడ్డం వచ్చినా వినలేదు. అత్తమ్మ మర్నాడు తొలి బస్సుకే పోయింది. నేను బస్టాండు దాకా కూడా పోలేదు, డ్యూటీ ఉందన్నాను. ఆ రోజు నాకు డ్యూటీ లేదు. పెనం మాత్రం తోమి, నూనె రాసి, మా అమ్మాయి కోసమని వదిలి వెళ్లింది.

కొత్త ఇల్లు దొరికింది, ఇంజనీరు వాళ్ల దేశం పోయాడు. నేను ఆ పెనం మీద స్టేక్ చేయడం నేర్చుకున్నాను. ఉప్పు పట్టించడం, తుడవడం, తిప్పకుండా ఓపిక పట్టడం అన్నీ ఆమె చెప్పినట్టే. తినడానికి బాగానే ఉండేది. మా అమ్మాయి మాత్రం ప్రతిసారీ "అత్తమ్మమ్మ ఎప్పుడొస్తది నాన్నా?" అని అడిగేది. నాలుగేళ్లలో రెండుసార్లే ఆమెను చూశాను, పెళ్లిళ్లకు పోయి దారిలో ఆగాను, అంతే. రెండోసారి మంచినీళ్లిస్తూ అడిగింది. "కొత్త ఇంటోళ్లు మంచోళ్లేనా? మీరు తినేది వాళ్లకు ఎరుకేనా?" అవ్ అన్నాను. అదీ అబద్ధమే. ఆమె నమ్మింది.

ఇక ఆమె పోయిన రోజు. సారపాకలో బస్సు కోసం నిలబడితే అక్కడ ఆ పాత ఇంటామె కనబడింది. నాలుగేళ్లుగా ఆమె ఎదురైతే నేను సందు మారేవాణ్ని. ఆ రోజు మారే ఓపిక లేదు. "ఏందయ్యా, ముఖం గట్లున్నది?" అంటే చెప్పాను. ఆమె సంచీ కింద పెట్టి అక్కడే బల్ల మీద కూర్చుండిపోయింది.

"అయ్యో, మంచి మనిషి" అంది. "ఆమెను చూసి రెండు మాటలు మాట్లాడాల్నని ఎన్నిసార్లు అనుకున్ననో. ఆ రోజు ఆమె ఆపకపోతే తినేదాన్నే గద."

"మేం తినేది తెలిసే గదమ్మా ఖాళీ చెయ్యమన్నరు" అన్నాను. ఇన్నేళ్ల నా కోపమంతా ఆ మాటలో ఉంది.

ఆమె తలెత్తి చూసింది. "మీరేం తింటే నాకేంది? నువ్వు నా ముఖం చూసి నవ్వుకుంట మటన్ అని పెట్టినవు. గసొంటి మనిషిని నా ఇంట్ల ఎట్ల ఉంచుకోవాలె? ముసలామె ఒక్కతే అయితే ఉంచుకునేదాన్నే."

అందులో నిజమెంతో, తర్వాత మనసుకు చెప్పుకున్నదెంతో నాకు తెలియదు. ముందే తెలిస్తే ఇల్లిచ్చేదా అని అడగబోయి ఆగిపోయాను. అది అడిగే మొహం నాకు లేదు. ఏన్కూరు దాకా బస్సులో ఆ మాటే తలలో తిరిగింది. ఇల్లు పోగొట్టింది నా నోరు. శిక్ష అత్తమ్మకు వేశాను.

మట్టి చేశాం. మూడో రోజు పిట్టకు పెట్టడం మా ఆచారం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఆకుల్లో పెడతారు. కాకి ముడితే ఆమె తిన్నట్టు. ముట్టకపోతే ఎవరి మీదనో మనసు కొట్టుకుంటున్నట్టు. నేను పెనం తెప్పించుకుని, పొద్దున్నే ఉప్పు పట్టించి, ఆమె వాకిట్లోనే కాల్చి ఒక ముక్క పెట్టాను. కాకులు వచ్చాయి. అన్నం తిన్నాయి, కోడికూర తిన్నాయి, ఎవరో పెట్టిన కల్లు ముంత కూడా తన్నేశాయి. నా ఆకు దగ్గరికి మాత్రం ఒక్కటీ రాలేదు.

"ఎవల మీదనో మనసున్నది. గా మనిషి ఈడుంటే తప్పయిందని చెప్పుండ్రయ్యా" అంది పక్కింటి ముసలమ్మ. ఆమె అత్తమ్మకు చిన్ననాటి జత.

అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను లేచి నిలబడ్డాను. "నా మీదనే. నేనే ఎల్లగొట్టిన ఆమెను. పొమ్మని నేనే అన్న" అన్నాను. అందరికీ వినపడేటట్టే అన్నాను.

ముసలమ్మ నన్ను వింతగా చూసింది. "నువ్వు ఎల్లగొట్టుడేంది? గదేం మాట? 'అక్కడి గాలి పడక నేనే వచ్చిన, మా అల్లుడు బస్సుకు అడ్డం నిలబడి ఉండమని బతిమిలాడిండు' అని చెప్పింది గద! ఈ నాలుగేండ్ల సంది ఎవలు అడిగినా గదే చెప్పింది."

తినేవాళ్ల దగ్గర ఒక్క ముక్క గురించి అబద్ధం ఆడలేని మనిషి నాలుగేళ్ల పాటు ఊరందరి దగ్గరా నా కోసం అబద్ధం ఆడింది.

ఎండ ముదిరింది. ఒక్కొక్కరే లేచి నీడకు పోయారు, భోజనాలకు పిలిచారు, నా భార్య వచ్చి భుజం తట్టింది. నేను రాలేనన్నాను. ఆకులో వెన్న కరిగి ముక్క చుట్టూ చేరింది. దాని మీద వాలబోతున్న ఈగల్ని చేత్తో తోలుతూ ఆమె వాకిట్లో అలాగే కూర్చున్నాను.