నాయన కోసం కొన్న కాటా

మా నాయనకు నలభై దాకా గొర్రెలుండేవి. కంభానికి దగ్గరలోని మా ఊళ్లో అది పెద్ద మందేమీ కాదు. నేను గిద్దలూరులో హైస్కూల్ లెక్కల టీచర్ని. ఆదివారాలూ సెలవులూ వస్తే బస్సెక్కి ఊరికి పోతుంటాను. మందను మేపేది మా తమ్ముడు. అమ్మకాలు మాత్రం నాయన చేతిలోనే ఉండేవి. కొనేది కంభం నుంచి వచ్చే ఒక సాయిబు. ఆ ఇద్దరిదీ ఇరవై ఏళ్లకు పైబడిన బేరం. నాయన ఆయన్ని భాయ్ అనేవాడు, ఆయన నాయనను అన్నా అనేవాడు. ఆ లెక్కన మాకు చిన్నాన్న కావాలి గానీ, చిన్నప్పటి నుంచీ ఎందుకో మామా అనే పిలవడం అలవాటైంది.

ఆయన కొనే తీరు నాకు బాగా గుర్తు. పొట్టేలు పక్కన గొంతుక్కూర్చుని, దాని నడుము మీద నాలుగు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకునేవాడు. ఎముక ఎంత తగులుతోంది, కండ ఎంత ఉంది, అంతా ఆ వేళ్లకే తెలిసేది. తర్వాత నాయనా ఆయనా ఎదురెదురుగా కూర్చుని, చేతులు కలిపి, పైన తువ్వాలు కప్పుకునేవాళ్లు. ఆ తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్లు. బయటికి ఒక్క మాట వినపడేది కాదు. మొహాల్లో కోపం, నవ్వు, బతిమాలడం అన్నీ కనపడేవి. కాసేపటికి తువ్వాలు తీసేవాళ్లు, బేరం అయిపోయేది.

చిన్నప్పుడు అది నాకు గారడీలా ఉండేది. పెద్దయ్యి, పిల్లలకు బరువులూ కొలతలూ చెప్పడం మొదలుపెట్టాక అదే బేరం మీద అనుమానం పుట్టింది. ఆయన రోజుకు పది ఊళ్లు తిరిగి వందల జీవాలను పట్టి చూసే మనిషి. మా నాయన ఏడాదిలో నాలుగైదుసార్లు అమ్మే మనిషి. ఇద్దరి అంచనాలూ ఒకటెట్లా అవుతాయి? తెలియనితనం వల్ల మా నాయన ఇన్నేళ్లూ నష్టపోయాడని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. గిద్దలూరులో ఒక దుకాణంలో వేలాడదీసే ఎలక్ట్రానిక్ కాటా కొని, సంచిలో పెట్టుకుని ఊరికి తీసుకుపోయాను.

నాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇన్నాళ్లూ మేం గుడ్డోళ్లమా ఏందమ్మా?" అన్నాడు.

"గుడ్డోళ్లని కాదు నాయనా. లెక్క లెక్కలాగా ఉంటే ఎవరికీ బాధుండదు" అన్నాను.

తమ్ముడు మాత్రం సంబరపడి దొడ్డి ముందున్న దూలానికి దాన్ని కట్టేశాడు.

సాయిబు మామకు కోపమొస్తుందనుకున్నాను. ఆయన కాటా కింద నిలబడి, కళ్లద్దాలు సర్దుకుని చూసి, "మంచిదే బిడ్డా. నా చెయ్యికీ వయసైపోయింది" అన్నాడు. పొట్టేలును దూలానికి ఎత్తేముందు అలవాటు కొద్దీ నడుము పట్టి చూసి, ఒక బరువు చెప్పాడు. కాటా మీద అంకెలు ఆగాక చూస్తే కిలో కూడా తేడా లేదు. మూడింటిని తూచాం. రెండింటికి ఆయన చెప్పిందే ఎక్కువ, కాటా చూపించిందే తక్కువ.

ఇప్పుడు నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు నిరాశ కలిగింది. పెద్ద మోసమేదో బయటపడుతుందని ఎదురుచూశాను. బయటపడలేదు. నా ముందు కాబట్టి జాగ్రత్తగా చెప్పి ఉంటాడని సర్దిచెప్పుకున్నాను. ఒక మనిషి మంచివాడని తేలితే మనకు కష్టమనిపించే సందర్భాలు ఉంటాయి. అలాంటిదే అది.

ఏడాది తిరిగేసరికి ఊళ్లో గొర్రెలున్న ఇళ్లన్నిటిలో కాటాలొచ్చాయి. బేరం కిలో లెక్కన మారిపోయింది. ధర పొద్దున్నే ఫోన్లో తెలిసిపోయేది. మామ రావడం, తూకం వేయడం, ట్రాలీ ఆటోలోకి ఎక్కించడం, అంతే. "మిషన్ అబద్ధం చెప్పదు గదా" అనేవాడు టీకొట్టు దగ్గర ప్రతివాడూ. నేనూ గర్వంగానే వినేదాన్ని. మా ఊరికి దాన్ని మొదట తెచ్చింది నేనే కదా.

కానీ ఒక మార్పు వచ్చింది. ఇంతకుముందు తెల్లవారగానే వచ్చే సాయిబు మామ, ఇప్పుడు పది దాటాక రావడం మొదలుపెట్టాడు. వచ్చాక కూడా తూకానికి తొందరపడేవాడు కాదు. టీ తాగేవాడు, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పేవాడు, పక్కింటి వాళ్లతో మాట్లాడేవాడు. అమ్మే పొట్టేళ్లను ఆయన కోసమే మేతకు వదలకుండా దొడ్లో ఉంచేవాళ్లం. ఎండెక్కేకొద్దీ అవి పెంటికలు వేసి, మూత్రం పోసి ఖాళీ అవుతుండేవి. దీన్ని మొదట కనిపెట్టింది తమ్ముడు.

"టీ కోసం కాదక్కా ఆయన కూర్చునేది. పొట్టలు ఖాళీ కావాలని" అన్నాడు.

మేం మిషన్ని నమ్మాం, ఆయన గడియారాన్ని నమ్ముకున్నాడని నవ్వుకున్నాం. తర్వాత ఊళ్లో వాళ్లు దానికి విరుగుడు కనిపెట్టారు.

నాకది తెలిసింది వేసవి సెలవుల్లో. నేను వారం రోజులు ఉందామని వెళ్లాను. నాయన కంటి డాక్టరుకు చూపించుకోవడానికి మార్కాపురం పోయాడు. ఆ రోజు ఐదు పొట్టేళ్లను అమ్మాలి. పొద్దున నేను లేచేసరికి తమ్ముడు వెడల్పాటి బేసిన్‌లో తవుడు కలుపుతున్నాడు. పక్కన గల్లుప్పు సంచి ఉంది. చేత్తో కాదు, చెంబుతో పోస్తున్నాడు.

"ఏందిరా అంత ఉప్పు?"

"తవుడుతో తిని, దాహానికి బకెట్లకు బకెట్లు తాగుతాయి. ఒక్కోదానికి రెండు మూడు కిలోలు పెరుగుద్ది. అందరూ చేస్తున్నారక్కా. ఆయన పొద్దెక్కిందాకా కూర్చోడం తప్పు కాదంటే ఇది కూడా కాదు."

కాదనడానికి నాకు మాట దొరకలేదని రాస్తే అది అబద్ధం. దొరికింది, నేనే అనలేదు. ఐదు పొట్టేళ్లు, మూడేసి కిలోలు అని నా బుర్ర అప్పటికే గుణించేసింది. ఆయన చేసేదానికి ఇది చెల్లుకు చెల్లు అని కూడా అనుకున్నాను. బేసిన్ రెండో వైపు పట్టుకుని దొడ్లోకి మోసింది నేనే. బోరు దగ్గర నుంచి నీళ్ల బకెట్లు తెచ్చింది నేనే. అవి మూతి ఎత్తకుండా తాగుతుంటే పక్కనే నిలబడి చూశాను.

మామ వచ్చాడు. తూకం వేశాం. అంకెలు చూస్తే, కష్టమైన లెక్కకు సరైన జవాబు వచ్చినప్పుడు కలిగే ఆనందం కలిగింది. అన్నిటికన్నా పెద్ద పొట్టేలు నడుము మీద మామ పాత అలవాటుతో వేళ్లు ఆనించాడు. ఒకసారి పొట్ట వైపు చూశాడు. ఆటోలోకి ఎక్కించుకుని పోయాడు. అప్పటికి ఎండ నిప్పులు చెరుగుతోంది.

మూడో రోజు పొద్దున్నే, సూర్యుడు కూడా సరిగా రాకముందే, ఆయన మోటార్ సైకిల్ మా ఇంటి ముందు ఆగింది. ఆటో లేదు, ఒక్కడే వచ్చాడు. నాయన అరుగు మీద వేపపుల్ల నములుతూ ఉన్నాడు. తమ్ముడు దొడ్డి ఊడుస్తున్నాడు.

"అన్నా, కూర్చోను గానీ ఒక మాట చెప్పిపోదామని వచ్చినా" అన్నాడు మామ. "మొన్న తీసకపోయిన దాంట్లో పెద్దది దోవలోనే పోయింది. పొట్ట ఉబ్బి, నురగ కక్కి, పడిపోయింది. ఇంకోటి నిన్నటిదాకా లేవలేదు. కోయకముందే పోయింది గదా, మాకు పనికిరాదు. గుంత తీసి పూడ్చినాం."

నాయన పుల్ల పారేసి లేచి నిలబడ్డాడు.

"చిటుకు రోగమేమో అన్నా" అన్నాడు మామ. నిలబడ్డ గొర్రె నిలబడ్డట్టే పడిపోయి చచ్చే జబ్బు అది. మంద మందంతా తుడిచిపెట్టుకుపోతుంది. "నాదొకటే పోయింది. మీ దొడ్లో ఇంకా ముప్పైకి పైగా ఉన్నాయి. ఈ పొద్దే పశువుల ఆసుపత్రికి పోయి టీకాలేయించు. ఫోన్లో చెప్తే నువ్వు తేలిగ్గా తీసుకుంటావని నేనే వచ్చినా."

నేను వాకిట్లో చెంబు పట్టుకుని ఉన్నాను. ఆయన తగువుకు వచ్చి ఉంటే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. నువ్వు పదకొండు దాకా ఎందుకు కూర్చుంటావని అడిగి ఉండేదాన్ని. కానీ ఆయన మా మంద గురించి భయపడి వచ్చాడు.

నాయన చొక్కా కోసం లోపలికి పోబోయాడు. తమ్ముడు చీపురు ఆపి నా వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపాడు.

"నాయనా, ఆగు. రోగం కాదు" అన్నాను. "ఉప్పు పెట్టినాం. తవుట్లో కలిపి పెట్టి నీళ్లు తాపినాం, తూకం రావాలని. నేనే మోసినా."

నాయన నన్ను తిట్టలేదు. తమ్ముడినీ తిట్టలేదు. "ఎంత ఉప్పు?" అని అడిగాడు. చెప్పాను. ఆయన దొడ్డి వైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన చెవులు ఎర్రబడటం వెనక నుంచి కనపడింది.

సాయిబు మామ మోటార్ సైకిల్ స్టాండు వేసి, నెమ్మదిగా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"దాని పొట్ట చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది బిడ్డా" అన్నాడు. "ఈ ఇంట్లో చెయ్యరులే అనుకున్నా. అందుకే రోగమనుకున్నా." మోకాళ్లు ఒత్తుకుంటూ, "నేను మాత్రం ఏం తక్కువ? కావాలనే పొద్దెక్కినాక వస్తన్నా. మీ టీ తాగుతా గడియారం చూస్తన్నా. అవి ఎండకు నాలిక బయట పెడతంటే చూస్తా కూర్చున్నోణ్ణి నేనే గదా" అన్నాడు.

నాయన అప్పుడు ఇటు తిరిగాడు. "అంటే ఇరవై ఏళ్లు చేతులు పట్టుకుని బేరం చేసినప్పుడు రాని బుద్ధులు, ఈ అంకెలొచ్చినాక వచ్చినాయా మనకు?"

"అప్పుడు నీ మొహం చూస్తా ధర చెప్పాల్సొచ్చేది అన్నా. ఇప్పుడు దాన్ని చూస్తే చాలు" అన్నాడు మామ.

ఆ మాట మీద నేను చాలా రోజులు ఆలోచించాను. తువ్వాలు బేరంలో మోసం లేదని నేననను. అంచనా తెలియని ముసలమ్మలను, ఆడవాళ్లను ఆ పద్ధతిలో నిలువునా ముంచినవాళ్లు మా చుట్టుపక్కలే ఉన్నారు. కాటా వాళ్లకు మేలు చేసింది, ఆ సంగతి నేను ఇప్పటికీ గట్టిగా చెబుతాను. అది అబద్ధం చెప్పదన్నదీ నిజమే. మేం ఉప్పునూ నీళ్లనూ వేలాడదీస్తే వాటి బరువు నిజాయితీగానే చూపించింది. ఇక అది చూసుకుంటుందిలే అని మేం ఒకరినొకరు చూసుకోవడం మానేశాం. ఆ తప్పు కాటాది కాదు.

నాయన దొడ్డి తలుపు తీసి, చచ్చిపోయినదానికి బదులు ఒకదాన్ని తోలుకుపొమ్మన్నాడు. మామ వద్దన్నాడు. నాయన వినలేదు. చివరికి మామ లోపలికి వెళ్లి ఒక్కోదాని నడుము పట్టి చూస్తూ చాలాసేపు తిరిగాడు. బయటికి తెచ్చింది బక్కపల్చటి పొట్టేలును. దొడ్లో అంతకన్నా మంచివి పదైనా ఉన్నాయి. ఆ సంగతి నాయనకూ తెలుసు. మామ టీ తాగి, దాన్ని మోటార్ సైకిల్ మీద అడ్డంగా కట్టుకుని పోయాడు.

ఆయన వెళ్లాక తమ్ముడు నా మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వు సంతోషంగా నిజం చెప్పి, రేపు బస్సెక్కి పోతావు. ఒకటో తారీఖుకు నీ జీతం నీకొస్తుంది. వానకూ ఎండకూ వాటెనక తిరిగేది నేను. ఊళ్లో అందరూ నన్ను చూసి నవ్వుతారు. నీకు నిజం చెప్పడం సులువు అక్కా."

"నేను కూడా మోసినా గదరా."

"ఒక్క రోజు మోసినావు."

బడిలో పిల్లలకు నిజాయితీ గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా వాడి మాట అడ్డం పడుతుంది. జీతం వచ్చే చేతికి, మంద మీద బతికే చేతికి మంచితనం ఒకే ఖరీదు పడదు. అలాగని ఆ ఉప్పు తప్పు కాకుండా పోదు. ఈ రెండూ నిజమే అని ఒప్పుకుని ఊరుకోవడం లెక్కల టీచరుకు కొంచెం కష్టం.

తమ్ముడు రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఆ మధ్యలోనే నాయనా మామా కూర్చుని, తూకం ఇకమీద పొద్దున ఏడింటికే, నీళ్లు పెట్టకముందే అని మాట అనుకున్నారట. ఊళ్లో కొందరు నవ్వారు. రెండు మూడు ఇళ్లవాళ్లు మాత్రం అదే పద్ధతికి వచ్చారు. మిగతావాళ్లు వాళ్ల ఉప్పు వాళ్లు కలుపుకుంటూనే ఉన్నారు.

తొలకరి పడ్డాక ఒకరోజు బడి మధ్యాహ్నం విరామంలో తమ్ముడు ఫోన్ చేశాడు.

"మామ ఏడింటికే వచ్చినాడు. రెండు అమ్మినాం. నేననుకున్నదాని కంటే తక్కువ తూగినాయి."

"మరి ఏం చేసినావ్?"

"ఏం చేస్తా? ఇచ్చినా" అన్నాడు. తర్వాత, ఈ ఆదివారం వస్తున్నావా అని అడిగాడు.