బిగిన్, ఎండ్ లేని చోట

గుడియాత్తం నుంచి పిన్నమ్మ ఫోన్ చేసేటప్పటికి నేను వేలూరులో ఆఫీసు మెట్లెక్కుతున్నాను. ల్యాబ్ నుంచి మెసేజ్ వచ్చిందట, రక్తపరీక్షలో తేడా ఉంది, వెంటనే డాక్టరును కలవమని. "పక్కింటామెకి గూడా ఇదే వచ్చిండాదిమ్మా. ఇద్దరికీ ఒకే రోగమా?" అంది.

ఆ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ చూసేది మేమే. కనుక్కుని చెబుతానని ఫోన్ పెట్టేశాను.

లోపల మా సీనియర్ తల పట్టుకుని కూర్చున్నాడు. ల్యాబ్‌కి ఫోన్లు ఆగడం లేదట. ముందు మెసేజీలు ఆపి, డేటాబేస్‌లో ఉండే చిన్న ప్రోగ్రాము, ఆయన నిన్న మార్చిన స్టోర్డ్ ప్రొసీజర్ తెరిచాం. ఫలితం హద్దు దాటితేనే ఏం చేయాలో చెప్పే ఇఫ్ ఒకటుంది అందులో. దాని కింద మొదట ఒకే వాక్యం ఉండేది, రిపోర్టుకు ఎర్ర గుర్తు పెట్టమని. ఆయన దాని కిందే, అంతే లోపలికి జరిపి, మెసేజ్ పంపమనే వాక్యం చేర్చాడు. చూసే కంటికి రెండూ ఇఫ్ లోపలివే. కానీ ముందు బిగిన్, చివర ఎండ్ లేకపోతే మొదటి వాక్యం ఒక్కటే ఇఫ్‌కి చెందుతుంది. రెండోది ఎవరి విషయంలోనైనా నడిచిపోతుంది. అలా పరీక్ష చేయించుకున్న ప్రతివాళ్ళకీ మెసేజ్ పోయింది.

ఆయన బిగిన్, ఎండ్ పెట్టాడు. అంతా పొరపాటేనని పిన్నమ్మకు చెప్పేద్దామని ఫోన్ తీశాను. ఆయన ఆపాడు.

"ఉండమ్మా. నిజంగా తేడా ఉండేవాళ్ళు గూడా ఉంటారు గదా అందులో."

ల్యాబ్‌కి ఫోన్ చేసి పిన్నమ్మ పేరు చెప్పాను. అక్కడి ఆమె వెతుకుతున్నంతసేపూ కీబోర్డు చప్పుడు వింటూ నిలబడ్డాను. రిపోర్టుకు ఎర్ర గుర్తుంది, పొటాషియం బాగా ఎక్కువ, గుండెకు ప్రమాదం, ఆలస్యం చేయొద్దంది.

పిన్నమ్మకు చెప్పక తప్పలేదు. "పక్కింటామెది ల్యాబ్ వాళ్ళు చూసి చెప్తారు. నీది మటుకు నిజమే పిన్నమ్మా. డాక్టరు దగ్గరికి పో, నేనూ వస్తా ఉండా."

ఆమె అంగడి మూసి బయల్దేరతానంది.

పళ్ళికొండ దగ్గర బస్సు ఆగినప్పుడు ఆమెకు ఫోన్ చేశాను. నేను చేరేసరికి డాక్టరు ఈసీజీ తీసి గుండెకేమీ కాలేదన్నాడు. బీపీ మాత్ర వల్ల వచ్చిందని దాన్ని మార్చాడు.

మళ్ళీ చేయించిన పరీక్షకు మెసేజ్ రాలేదు. రాకపోతే మంచిదేనని తెలుసు. అయినా నిలవలేక ల్యాబ్‌కి వెళ్ళి, రిపోర్టులో ఆ అంకె తగ్గిందని కళ్ళారా చూసుకుని వచ్చాను.